కీవినా మంచు బాటల్లో: మీటర్‌లో 45, లెక్కలో 18

స్నోమొబైల్ (మంచు మీద నడిపే మోటారు బండి) మీద రోజుకు 200 మైళ్లు కొట్టేశాం అని చెప్పేవాళ్లు చాలామందే తగులుతారు. అబద్ధమేమీ కాదు. ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి పొద్దున్నే బయల్దేరి, తిండి కూడా నిలబడే కానిచ్చేస్తే అయ్యే పనే. అద్దె బండ్లు తీసుకుని పిల్లాపాపలతో వెళ్లే మనలాంటివాళ్లు ఆ లెక్క నమ్మి హోటల్ బుక్ చేసుకుంటే మాత్రం చీకటి పడేసరికి అడవి మధ్యలో ఉంటారు.

మేం డెట్రాయిట్ నుంచి రెండు కుటుంబాలుగా ఫిబ్రవరిలో మిషిగన్ అప్పర్ పెనిన్సులాలోని కీవినాకి వెళ్లాం. బస హోటన్‌లో. అక్కడి నుంచి ద్వీపకల్పం కొసనున్న కాపర్ హార్బర్‌కి రోడ్డు మీద 47 మైళ్లు, అంటే 75 కిలోమీటర్లు. కారులో గంట పైచిలుకు. స్నోమొబైళ్ల బాట (ట్రైల్) మీద దూరం కాస్త ఎక్కువే, మాకు మూడు గంటలు దాటింది.

ఆ సమయమంతా ఎక్కడ పోతుందంటే, ముందు హోటన్ లిఫ్ట్ బ్రిడ్జి దాటాలి. చలికాలంలో పై అంతస్తు మీద కార్లు, కింది అంతస్తులో స్నోమొబైళ్లు. పిల్లలకి భలే సరదా, కానీ నెమ్మదిగానే పోవాలి. వంతెన అవతలి హాంకాక్ నుంచి కాల్యుమెట్ ఊరి దాకా బాట పాత రైలు కట్ట మీద పోతుంది. తిన్నగా ఉంటుంది, మీటర్‌లో గంటకు 45 మైళ్లు కనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ చెట్ల మధ్య మలుపులు, ఎత్తుపల్లాలు వస్తాయి, 25 దాటితే గుండె గొంతులోకొస్తుంది. ఎదురొచ్చే రైడర్ చేయెత్తి తన వెనక ఇంకా ఎన్ని బండ్లున్నాయో వేళ్లతో చూపిస్తాడు, ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు. ఆ పిడికిలి కనబడేదాకా మలుపులో కుడి అంచు వదలకూడదు.

ఇక మధ్యమధ్యలో ఆగడం. ప్రతి కూడలిలో వెనకవాళ్ల కోసం ఆగాలి. గాగుల్స్ మసకేస్తే తుడుచుకోవాలి. మొహాక్ ఊరు దాటాక హైవే పక్కన 1978-79 సీజన్‌లో పడ్డ 390.4 అంగుళాల మంచుకి గుర్తుగా నిలబెట్టిన పెద్ద కొలబద్ద ఉంది. దాని కింద ఫొటో దిగకుండా కదిలేవాళ్లు మా గుంపులో లేరు. కదులుతున్నంతసేపు సగటు గంటకు 28 మైళ్లని జీపీఎస్ చూపించింది. ఆగినవన్నీ కలిపితే 18.

పొద్దునా సాయంత్రం ఒకటి కాదు. గ్రూమర్ (మంచు చదును చేసే యంత్రం) రాత్రి చదును చేసిన బాట పొద్దున తారురోడ్డులా ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి అదే బాట గతుకులమయం, 15 మైళ్ల వేగానికే నడుం పట్టేస్తుంది. అందుకని తిరుగు ప్రయాణానికి ఎక్కువ సమయం పెట్టుకోండి. వీలైతే వీకెండ్ మానేయండి.

అద్దె మేం అడిగిన చోట్ల రోజుకు 300 డాలర్ల పైనే. కాగితాలు, హెల్మెట్లు, బండి ఎలా నడపాలో చెప్పడం, అన్నీ అయ్యేసరికి పొద్దున ఒక గంట హరీ. మాకిచ్చిన ఒక బండిలో హ్యాండిల్ వేడెక్కలేదు. సాయంత్రం చెప్తే 'అలాగా' అని ఊరుకున్నారు. ఆ చలిలో అది చిన్న విషయం కాదు, కదిలేముందే స్విచ్ వేసి చూసుకోండి. పెట్రోల్ విషయంలో ట్యాంకుకి 100 మైళ్లు అనుకుంటే టెన్షన్ ఉండదు. కాల్యుమెట్‌లో నింపుకునే పైకి వెళ్లాలి.

హోటన్, హాంకాక్‌లలో అన్ని ధరల గదులూ, కిరాణా షాపులూ ఉన్నాయి. కాపర్ హార్బర్‌లో గదులు తక్కువ, కానీ అక్కడి కీవినా మౌంటెన్ లాడ్జ్ 1930లలో ఆర్థిక మాంద్యం నాటి ఉపాధి పనుల కింద కట్టిన దుంగల కట్టడం, చూసి తీరాలి. ఊళ్లలో దొరికే పేస్టీలు (లోపల కూర పెట్టి కాల్చిన కజ్జికాయల్లాంటివి) ఎక్కువగా మాంసంతోనే. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడమే మేలు, అదీ జాకెట్ లోపల పెట్టుకోవాలి, బండి వెనక సంచిలో పెడితే గడ్డకట్టేస్తుంది.

నా ఓటు కాపర్ హార్బర్‌లో ఒక రాత్రి ఉండటానికే. అప్పుడు రోజుకు 50, 60 మైళ్లతో సరిపోతుంది, పిల్లలు ఏడవరు. ఒక్కరోజులో వెళ్లి రావాలంటే వంద మైళ్లు దాటుతుంది, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వెనక్కి తిరగాలి. ఇది మరీ నత్తనడక అనిపిస్తే ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ చూడండి. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గకి 30 మైళ్లే, వేగం 35 దాటకూడదు, లాటరీలో సొంత పర్మిట్ తగిలితే తప్ప గైడ్ తప్పనిసరి. అక్కడ రానూపోనూ 60 మైళ్లకే రోజంతా పెట్టుకుంటారు.