పెయ్రోటియోనా, యుసేబియోనా: ఎవరు మేటి?

పోర్చుగల్ ఫుట్‌బాల్ అనగానే ఇప్పటివారికి రొనాల్డో, పెద్దవారికి యుసేబియో గుర్తుకొస్తారు. ఫెర్నాండో పెయ్రోటియో పేరు ఎవరూ ఎత్తరు. నాకు బాధ కలిగించే మాట అదే.

ముందు అంకెలు చూద్దాం. 1937 నుంచి 1949 వరకు లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌కు ఆడిన పెయ్రోటియో, లీగ్‌లో 197 మ్యాచుల్లో 332 గోల్స్ కొట్టాడు. మూడు మ్యాచులకు ఐదు గోల్స్ లెక్కన! అదే నగరంలోని బెన్ఫికా క్లబ్ తరఫున లీగ్‌లో యుసేబియో చేసినవి 301 మ్యాచుల్లో 317. మ్యాచ్‌కు ఒకటి కొట్టడమే అసాధారణం, పెయ్రోటియోతో పోలిస్తే అదీ చిన్నబోతుంది. 1941-42 సీజన్‌లో లెసా జట్టుపై ఒక్క మ్యాచ్‌లోనే తొమ్మిది కొట్టిన మనిషి మరి.

అప్పటి చిన్న జట్లు బలహీనమైనవన్నది నిజమే, ఒప్పుకుంటాను. 'ఐదు వయొలిన్లు' అని పేరుపడ్డ స్పోర్టింగ్ ముందువరుసలో మిగతా నలుగురు బంతి అందిస్తుంటే గోల్స్ రావా అనే వాదనను మాత్రం ఒప్పుకోను. ఆ ఐదుగురు కలిసింది 1946లో. అంతకుముందే అతను నాలుగుసార్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ వీరుడు.

అతనికి దక్కనిది వేదిక. యుద్ధం వల్ల 1942, 1946 ప్రపంచ కప్‌లు జరగలేదు. యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ మొదలైంది 1955లో. అప్పటికే అతను, క్రీడా సామగ్రి దుకాణం తెచ్చిపెట్టిన అప్పులు తీర్చుకోవడానికి, 31 ఏళ్లకే ఆట మానేశాడు. దేశానికి ఆడింది 20 మ్యాచులే. వాటిలో 1947లో లిస్బన్‌లో ఇంగ్లండ్ చేతిలో 10-0తో ఓడినది కూడా ఉంది.

యుసేబియోకు వేదిక దొరికింది, దాన్ని తనదిగా చేసుకున్నాడు. 1962 యూరోపియన్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌పై రెండు గోల్స్. 1966 ప్రపంచ కప్‌లో తొమ్మిది. ఆ క్వార్టర్ ఫైనల్ చూడండి: పాతిక నిమిషాలకే ఉత్తర కొరియా 3-0 ఆధిక్యం. తను గోల్ కొట్టగానే యుసేబియో సంబరానికి ఆగడు, వలలోని బంతి తీసుకుని మధ్య గీత వైపు పరుగు. వరసగా నాలుగు అతనివే, చివరికి 5-3తో గెలుపు. అందుకే నా ఓటు యుసేబియోకే. ఓడిపోతున్న జట్టును భుజాన వేసుకుని గట్టెక్కించడం వేరే విద్య. గోల్ ముందు బంతి పడితే వలలోకి పంపేందుకు మాత్రం పెయ్రోటియోనే కోరుకుంటాను.

ఇద్దరూ ఆఫ్రికాలోని పోర్చుగీసు వలస రాజ్యాల్లో పుట్టినవారే: పెయ్రోటియో అంగోలాలోని హుంపాటాలో, యుసేబియో మొజాంబిక్‌లో, నేటి మపూటోలో. ఇద్దరి దారులూ ఒకసారి కలిశాయి. 1961 అక్టోబర్ 8న లక్సెంబర్గ్‌లో పోర్చుగల్ జట్టుకు కోచ్ పెయ్రోటియో, 19 ఏళ్ల యుసేబియోకు దేశం తరఫున అదే తొలి మ్యాచ్. జట్టు 4-2తో ఓడింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి యుసేబియో కొట్టిందే.