తెల్ల మిషన్, నల్ల మిషన్: నల్లగొండలో కొన్నేళ్ల ఇంటి కుట్టుపని తర్వాత

జాకెట్ల ఖర్చు మిగులుతుందని మాత్రం కుట్టు మిషన్ కొనకండి. ఆ లెక్క కుదరదు. మా నల్లగొండలో లైనింగ్ జాకెట్‌కు టైలరమ్మ తీసుకునేది నాలుగైదు వందలు. లైనింగ్ బట్ట, దారం, హుక్స్, పైపింగ్ తాడు మనమే కొనుక్కుని, పొద్దంతా మెడ వంచి కూర్చుంటే మిగిలేదెంత? పైగా చంక దగ్గర ముడత పడిందంటే ఆ చీర కట్టుకున్నన్నిసార్లూ ధ్యాసంతా దానిమీదే. పట్టు జాకెట్లు నేను ఇప్పటికీ బయటే కుట్టిస్తాను. మిషన్ మీద పెట్టిన డబ్బు నాకు తిరిగొచ్చింది వేరే దారిలో: ఉన్న బట్టలను ఒంటికి సరిచేసుకోవడం, మన చుట్టుపక్కల నేసే బట్టను నచ్చినట్టు కుట్టుకోవడం.

నాది జిగ్‌జాగ్ కుట్టే తెల్ల మిషన్. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే తీరు. కొన్నప్పుడు పది వేలు దాటింది. మా ఇంట్లో అత్తమ్మది పాత నల్ల మిషన్ కూడా ఉంది. తొక్కుడు మిషన్. తర్వాత దానికి చిన్న మోటర్ బిగించాం. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో చెప్పగలను.

డబ్బా మీద ఇరవై రకాల కుట్లని ఉంటుంది కదా, దానికి పడిపోకండి. ఆకులు, నెలవంకలు, గుండ్రాలు కొన్న కొత్తలో పిల్లల చేతిరుమాళ్ల మీద వేసి మురిసిపోవడానికే. తర్వాత ఆ డయల్ వైపు చెయ్యి పోదు. వాడేది తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, ఎప్పుడైనా కాజా. జిగ్‌జాగ్ కోసమైతే తెల్ల మిషన్ కొనొచ్చు. బట్ట అంచున వేస్తే ఓవర్‌లాక్ అంత నీట్‌గా ఉండదు గానీ పోగులు ఊడవు. ప్రతి చిన్న పనికీ ఓవర్‌లాక్ అని బజారుకు పరుగెత్తక్కర్లేదు. కాజా నాలుగు స్టెప్పుల్లో వస్తుంది. అసలు బట్టంత మందం ఉన్న ముక్క మీద ఒకసారి వేసి చూసుకుని, తర్వాతే చొక్కా మీద వేయాలి.

కొత్తగా కొన్నవాళ్లు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా ఒకటే గోసతో: "అక్కా, కింద దారం ఉండలు కడుతుంది." అప్పటికే కింది దారం చుట్టి ఉండే బాబిన్ విప్పేసి, బాబిన్ కేస్ స్క్రూ తిప్పేసి ఆగం చేసి ఉంటారు. బట్ట అడుగున ఉండలు కనిపిస్తే తప్పు చాలాసార్లు పైదారంలోనే ఉంటుంది. దారం ఎక్కించేటప్పుడు బట్టను నొక్కిపట్టే ఫుట్ పైకి లేపి ఉండాలి. దింపి ఉంటే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, పైపైన జారుతుంది. అప్పుడు టెన్షన్ నాలుగు మీద పెట్టినా తొమ్మిది మీద పెట్టినా ఒకటే. ఎక్కించాక ఫుట్ దింపి, దారాన్ని చేత్తో లాగి చూడండి. గట్టిగా రావాలి, సూది కొంచెం వంగాలి. వదులుగా వచ్చేస్తే మళ్లీ మొదటినుంచి ఎక్కించడమే. బాబిన్ కేస్ స్క్రూ జోలికి పోవాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు.

సూది విషయంలో పిసినారితనం పనికిరాదు. పలుచని నూలుకు, పట్టుకు 11 నంబర్, మామూలు కాటన్‌కు 14, జీన్స్‌కు 16. టీషర్టు బట్టకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేరే ఉంటుంది. అది లేకుండా కుడితే కుట్టు మధ్యమధ్యలో తప్పుతుంది, తప్పు మిషన్ మీద వేస్తాం. మా తెల్ల మిషన్‌కు సూది చదును వైపు వెనక్కి ఉండాలి. నల్ల మిషన్లలో దారం పక్క నుంచి ఎక్కేవి ఉంటాయి, వాటికి చదును కూడా పక్కకే వస్తుంది. అందుకే పాత సూది తీసేముందు ఒకసారి చూసిపెట్టుకోండి.

ఇక బట్ట. ఈ జిల్లాల్లో ఉండి మిల్లు ప్రింట్లు కుట్టుకోవడం నాకైతే మనసొప్పదు. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, మా పెద్దోళ్ల నోట ఇంకా నల్లగొండ జిల్లానే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలు అనే ఇక్కత్ నేతకు 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దాంతోపాటే బజార్లో ఇక్కత్ ప్రింట్లు కూడా పెరిగాయి. తేడా పట్టుకోవడం సులువే. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా అక్కడక్కడా ముడులు బిగించి, రంగులో ముంచి తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటైతే తిరగేయగానే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

రెండు వైపులా ఒకేలా ఉండటం కుట్టేవాళ్లకు పెద్ద వరం. రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించామనుకోండి, వేరే బట్టైతే ఒకటి వృథా. ఇక్కత్‌లో ఒకదాన్ని తిరగేసి వేస్తే సరిపోతుంది. కాకపోతే లోపలి వైపు ఏదో కుట్టేటప్పుడు తికమక పడతాం కాబట్టి సుద్దతో ప్రతి ముక్క మీదా గుర్తు పెట్టుకోవాలి.

దీన్ని కత్తిరించడంలోనే ఓపిక కావాలి. టైలర్లు బట్టను నాలుగు మడతలు వేసి ఒక్క కోతలో తీసేస్తారు. పెద్ద డిజైన్ ఉన్న ఇక్కత్‌కు అది వద్దు. ముందు భాగానికి కాగితం ప్యాటర్న్ తయారు చేసుకుని, బట్టను ఒకే పొరగా పరిచి, మెడ కింద మధ్యలోకి డిజైన్ సరిగ్గా వచ్చేలా జరుపుకుని గీత గీయాలి. అందుకే కుర్తాకు అవసరమైన దానికంటే అర మీటరు ఎక్కువే తెచ్చుకుంటాను. చేత్తో నేసిన బట్ట కాబట్టి ఒక డిజైన్‌కూ ఇంకోదానికీ దూరం పై నుంచి కిందిదాకా పక్కాగా ఒకటే ఉండదు. రెండు పక్కలూ కలిపేటప్పుడు ఛాతీ దగ్గర కలిసేలా పిన్ను పెట్టి కిందికి వెళ్తే, గోటి వెడల్పు తేడా అంచు దగ్గర మిగులుతుంది. మిగలనివ్వండి. ఎదుటివాళ్ల చూపు పడేది పైనే. కింద కలపాలని బట్టను లాగి కుడితే ఉతికాక పక్క కుట్టంతా మెలి తిరుగుతుంది.

కత్తిరించకముందే బట్టను ఒకసారి తడపాలి. నూలు కుంచించుకుపోతుంది, ఎరుపు, నలుపు మొదటి నీళ్లలో రంగు వదులుతాయి. రాళ్ల ఉప్పు వేస్తే రంగు ఆగుతుందని అందరూ అంటారు, మా ఇంట్లోనూ వేస్తారు. నాకు మాత్రం ఉప్పు కంటే చల్లని నీళ్లు, విడిగా నానబెట్టడం, నీడలో ఆరేయడం, ఇవే పనిచేస్తున్నాయనిపిస్తుంది. లైనింగ్ బట్ట కూడా అంతే. తడపకుండా వేస్తే మొదటి ఉతుకులోనే లోపల బిగిసి, పైబట్ట ఉబ్బుతుంది.

గద్వాల చీరది వేరే సంగతి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తారు. దానికీ 2010లో జీఐ వచ్చింది. మా ఇంట్లో చూసినంతవరకు ముందు చిరిగేది నూలు భాగమే, అంచు బాగానే ఉంటుంది. అలాంటి పాత చీర ఉంటే అంచు తీసి పిల్లల లంగాకో, సాదా కుర్తా చేతులకో వేసుకోవచ్చు. పట్టు, నూలు కలిసే గీత మీదే కత్తెర పెట్టొద్దు. అక్కడ పోగులు ఒకదానికొకటి పెనవేసి ఉంటాయి, కోస్తే విడిపోతుంది. అంగుళం నూలు వదిలి కత్తిరించి, దాన్ని లోపలికి మడిచి కుట్టాలి. పిన్నులు పెడితే పట్టు మీద చిల్లులు మిగిలిపోతాయి, చేత్తో కచ్చా కుట్టు వేసుకోవడం మేలు. నారాయణపేట గళ్ల చీరతో లాంగ్ ఫ్రాక్ కుట్టడం మాత్రం చాలా సుఖం. గళ్లే గీతలు, సుద్ద కూడా అక్కర్లేదు.

ఆల్టరేషన్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రెడీమేడ్ కుర్తీ పక్కలు తగ్గించడం, స్కూల్ యూనిఫాం మడత విప్పి పొడవు పెంచడం, ఇవి వారం వారం ఉండే పనులు. మడత విప్పినచోట పాత గీత తెలుస్తుంది, దాని మీద సన్న లేసో పట్టీయో వేస్తే పోతుంది. దసరా ముందు టైలర్లు బట్టలు తీసుకోవడం ఆపేస్తారు కదా, సద్దుల బతుకమ్మ రోజు పొద్దున జాకెట్ బిగుతైందని పట్టుకొచ్చేవాళ్లు మా గల్లీలో ఒకరు తప్పకుండా ఉంటారు. లోపల మార్జిన్ వదిలి కుట్టిన జాకెట్ అయితే టీ తాగేలోపు అయిపోతుంది. వదలకపోతే దేవుడు కూడా ఏం చేయలేడు.

జీన్స్ పొడవు తగ్గించడం దగ్గరే తెల్ల మిషన్ బలం ఎంతో బయటపడుతుంది. కింద మడతలో పక్క కుట్టు వచ్చేచోట పొరలు బాగా పెరుగుతాయి. ఫుట్ ముందు వైపు పైకి లేస్తుంది, బట్ట కదలదు, సూది అక్కడక్కడే పొడుస్తుంది. సూదిని బట్టలోనే దింపి ఉంచి, ఫుట్ లేపి, దాని వెనక వైపు అంతే మందం ఉన్న జీన్స్ ముక్కను మడిచి పెట్టి ఫుట్ దింపితే చదునవుతుంది. అక్కడ పెడల్ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ నాలుగు కుట్లు దాటించాలి. ఇలా నెట్టుకురావచ్చు గానీ, సంచులు కుడదామంటే కుదరదు. ఇక్కత్ బట్ట, లోపల ఫోమ్, లైనింగ్, పైన పట్టీ అన్నీ కలిసేసరికి మోటర్ మూలుగుతుంది. "నీ తెల్లదానికి తిండి సాలుతలేదు బిడ్డా, ఇటు ఇయ్యి" అని అత్తమ్మ నల్ల మిషన్ ముందు కూర్చుంటే అదే సంచి పిడి గడగడా కుట్టేస్తుంది. నల్లదానికి తిన్నని కుట్టు తప్ప ఇంకోటి రాదు. ఆ ఒక్కటీ ఇనుములా వస్తుంది.

సంచుల లైనింగ్‌కు మా ఇంట్లో బతుకమ్మ చీరలు వాడుతున్నాం. 2017 నుంచి ప్రభుత్వం పంచిన ఆ చీరలు కట్టకుండా బీరువాల్లో ఉండిపోయిన ఇళ్లు చాలానే. పాలిస్టర్ కాబట్టి జారుతుంది, 11 సూది పెట్టి నెమ్మదిగా కుట్టాలి. సంచి లోపలికి బాగుంటుంది, ఒంటి మీదికి లైనింగ్‌గా మాత్రం వద్దు, మన ఎండలకు చెమట పీల్చదు.

దేవరకొండ వైపు తండాల్లో కనిపించే అద్దాల పని చూసి మిషన్ మీద అలా కుట్టాలని ఆశపడతారు. రాదు. అద్దం చుట్టూ అల్లిక చేత్తోనే. మిషన్ చేయగలిగింది అద్దాల లేసును బట్టకు కలపడం వరకే. దానికి మామూలు ఫుట్ తీసేసి జిప్ ఫుట్ పెట్టుకోవాలి, లేకపోతే ఫుట్ అద్దం మీదికెక్కి పగలగొడుతుంది. ఇలాంటి లేసులు, కొత్తరకం గుండీలు కావాలంటే హైదరాబాద్ సుల్తాన్ బజార్ వెళ్తాను. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కావడంతో మూరెడు లేసు కోసం కూడా పోతున్నానని ఇంట్లో ఎగతాళి. జిప్పులు, కాలర్ల లోపల గట్టిదనానికి వేసే బక్రం ఇక్కడే ప్రకాశం బజార్‌లో దొరుకుతాయి.

తెల్ల మిషన్ మీద నా అసలు కంప్లయింట్ సర్వీస్. సూదిలో దారం దానంతటదే ఎక్కించే చిన్న కొక్కెం ఉంటుంది, కొనేటప్పుడు షాపులో అదే గొప్పగా చూపిస్తారు. వెంట్రుకంత సన్నం, వంగిపోయింది. ఇంటికొచ్చి చూస్తామని కార్డు మీద రాసి ఉంది, ఫోన్ చేస్తే మిషన్ హైదరాబాద్ పట్టుకురమ్మన్నారు. వదిలేసి చేత్తోనే ఎక్కిస్తున్నాను. ఊళ్లో మెకానిక్ నల్ల మిషన్‌ను చప్పుడు విని బాగుచేస్తాడు, తెల్లదాన్ని చూసి "లోపల ప్లాస్టిక్ పండ్లక్కా, నేను ముట్ట" అంటాడు. నూలు కుట్టినప్పుడల్లా, ఫుట్ కింద బట్టను జరిపే పళ్ల దగ్గర పేరుకునే దూదిని బ్రష్‌తో తీయడం, మిషన్ నూనె మాత్రమే వాడటం మన చేతిలో పని. కొబ్బరినూనె వేస్తే బంకలా గట్టిపడుతుంది.

నన్నడిగితే జీన్స్, సంచులు, బొంతలు కుట్టేవాళ్లు కొత్త తెల్ల మిషన్ జోలికి పోకుండా పాత నల్లది వెతుక్కోవాలి. చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ వెంట రెండు ముక్కలు తీసుకెళ్లండి: ఒకటి పలుచని నూలు, ఒకటి జీన్స్. దారం లేకుండా ముందు చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. సూదిని వేలితో అటూ ఇటూ కదిపితే సూది కడ్డీ ఊగకూడదు. బాబిన్ కేస్ తీసి, లోపల దారాన్ని పట్టుకునే షటిల్ మొన మీద గోరు పెట్టి రాయండి, గరుకు తగిలితే దారం తెంపుతుంది. తర్వాత రెండు ముక్కల మీదా కుట్టి, బట్ట తిరగేసి అడుగు కుట్టు చూడండి. పెయింట్ పోయిందని, బంగారు రంగు బొమ్మ చెరిగిందని బేరం మాత్రం గట్టిగానే ఆడండి.