దివ్యాంగుల శిక్షణ, పునరావాసానికి కేంద్ర గ్రాంటా, సీఎస్‌ఆర్ నిధులా?

విశాఖపట్నంలో దివ్యాంగులకు ప్రత్యేక పాఠశాల లేదా పునరావాస కేంద్రం నడిపే స్వచ్ఛంద సంస్థకు కేంద్ర ప్రభుత్వ దీనదయాళ్ దివ్యాంగజన పునరావాస పథకం గ్రాంటు ఒక దారి, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే సీఎస్‌ఆర్ నిధులు మరొకటి.

ఖర్చు: గ్రాంటు ఆమోదిత వ్యయంలో గరిష్ఠంగా 90 శాతం, సీఎస్‌ఆర్‌లో ఒప్పందాన్ని బట్టి.

శ్రమ: గ్రాంటుకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద నమోదు, గ్రాంట్ల కోసం ఉన్న ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు, తనిఖీ, ఆడిట్ లెక్కలు, వినియోగ ధ్రువపత్రం తప్పవు. సీఎస్‌ఆర్‌కు కాగితాలు తక్కువే గాని, కంపెనీని ఒప్పించడమే అసలు పని.

రిస్క్: గ్రాంటు విడుదల ఆలస్యమైనా శిక్షకుల జీతాలు ఆగకుండా కొన్ని నెలల నిల్వ చేతిలో ఉండాలి; నా దృష్టిలో ఇది లేనివారు దరఖాస్తు చేయకపోవడమే మేలు. సీఎస్‌ఆర్ బాధ్యత గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం కనుక, లాభాలు తగ్గితే అదీ తగ్గుతుంది.

ఏళ్ల తరబడి జీతాలిస్తూ నడపాల్సిన కేంద్రానికి గ్రాంటు తగినది. కుట్టుమిషన్లు, కంప్యూటర్లు కొనడానికి, గాజువాక పరిశ్రమల్లో ఉద్యోగాలకు ముడిపెట్టిన చిన్న కోర్సుకు సీఎస్‌ఆర్ నయం.