పొలుసా, చెవిరాయా, రెక్కముల్లా? చలిదేశపు చేప వయసు చెప్పడానికి ఏది మేలు?

మా బావ కెనడాలో బాగా ఉత్తరాన, గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున ఎల్లోనైఫ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద కన్నం తవ్వి ఒక లేక్ ట్రౌట్‌ని పట్టాడు. దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఫోటో దిగి, "చేపల చదువు చదివావు కదా బామ్మర్దీ, దీనికి ఎన్నేళ్ళుంటాయో చెప్పు" అని మెసేజ్ పెట్టాడు. మూడు కిలోలుందట. మా బరంపురం చుట్టుపక్కల చెరువుల్లో మూడు కిలోల బొచ్చె అంటే రెండేళ్ళ సరుకు, అందుకని ఇంట్లో అందరూ రెండన్నారు, మూడన్నారు. ఆ మంచునీళ్ళలో మూడు కిలోలకి ఎదగడానికి పదిహేనూ ఇరవయ్యేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. సైజు చూసి వయసు చెప్పడం అక్కడ పనికిరాదు. మరి దేన్ని చూడాలి?

అందరికీ తెలిసింది పొలుసు. చేప ఎదిగేకొద్దీ పొలుసు అంచున సన్నటి గీతలు చేరుతుంటాయి. వేసవిలో తిండి దొరికినప్పుడు ఎడంగా పడతాయి, చలికాలం ఎదుగుదల దాదాపు ఆగిపోయినప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడతాయి. ఆ ఇరుకు పట్టీ ఒక ఏడు. చేపని చంపక్కర్లేదు, చాకుతో నాలుగు పొలుసులు గీకి వదిలేస్తే చాలు, ఖర్చు కూడా లేదు. ఈ లెక్కతో గొప్ప పనులే జరిగాయి. మన కవళ్ళకి చుట్టమైన హెర్రింగ్ పొలుసులు లెక్కపెట్టే నార్వే వాళ్ళు 1904లో పుట్టిన ఒక్క తరమే ఏళ్ళ తరబడి వలలు నింపిందని కనిపెట్టారు. చేపలు ఒక ఏడు పుష్కలంగా, ఒక ఏడు కరువుగా ఎందుకు పడతాయో నార్వే చేపల శాస్త్రవేత్త యోహన్ యోర్ట్ 1914లో చెప్పడానికి ఆధారం అదే.

కానీ పొలుసు కుర్రచేపల విషయంలోనే నిజం చెబుతుంది. ముసలిచేప ఒళ్ళు పెరగడం ఆగిపోయాక పొలుసూ పెరగదు, కాబట్టి ఏళ్ళు గడిచినా కొత్త పట్టీలు కనపడవు. పైగా తిండి లేనప్పుడు, గుడ్లు పెట్టే కాలంలో చేప తన పొలుసు అంచుని తానే కరిగించుకుంటుంది. ఊడిన పొలుసు స్థానంలో కొత్తది మొలిస్తే దాని నడిమధ్య ఖాళీగా ఉంటుంది, చిన్ననాటి లెక్కంతా పోయినట్టే. నలభయ్యేళ్ళ లేక్ ట్రౌట్‌ని పొలుసు చూసి పదిహేనంటే తప్పు పాతికేళ్ళు! నేనైతే ఉత్తరాది సరస్సుల పెద్దచేపకి పొలుసు చూసి చెప్పిన వయసుని "ఇంతకి తక్కువ కాదు" అనే అర్థంలోనే తీసుకుంటాను. ఆర్కిటిక్ చార్, బర్బాట్ లాంటి వాటికి పొలుసులు మరీ చిన్నవి, వాటితో కుస్తీ పట్టడమే దండగ.

ఇక చెవిరాయి. శాస్త్రంలో ఒటోలిత్ అంటారు. ఇది అర్థం కావాలంటే కెనడా వెళ్ళక్కర్లేదు, గోపాలపూర్ బీచికి రండి. అక్కడ మన తెలుగు జాలర్లే, ఒడియావాళ్ళు నోళియాలంటారు. చదువుకునే రోజుల్లో పొద్దున్నే వెళ్ళి చేపలు కోసే ఒక పిన్ని దగ్గర గొరక తలలు అడిగేవాణ్ణి. "తలలు నీకెందుకు నాయినా, పిల్లికా?" అనేది. పుర్రెని పైనుంచి అడ్డంగా కోసి మెదడు పక్కకి జరిపితే రెండు పక్కలా రెండు తెల్లటి రాళ్ళు. గొరకకి ఇవి పెద్దవి, చిక్కుడు గింజంత కూడా ఉంటాయి. ట్రౌట్‌కి చాలా చిన్నవి, పట్టకారుతో తీయాలి, జారిపడితే ఇక వెతుక్కోవడమే. రాయిని నడిమధ్యకి విరిచి, ఆ విరిగిన ముఖాన్ని స్పిరిట్ దీపం మీద కాస్త వేడిచేస్తే చలికాలపు గీతలు గోధుమరంగు తిరుగుతాయి. ఒక చుక్క నూనె రాసి మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెట్టడమే. మొదటిసారి నేను రాయిని బొగ్గు చేశాను, అది వేరే సంగతి.

దీని బలమంతా ఒక్కచోట ఉంది: ఇది సున్నపు పదార్థం, చేప దీన్ని తిరిగి కరిగించుకోదు, ఒళ్ళు పెరగడం ఆగినా రాయికి ఏటా సన్నటి పొర చేరుతూనే ఉంటుంది. అలాస్కా సముద్రంలో రఫ్ఐ రాక్‌ఫిష్ అనే చేపకి 205 ఏళ్ళని తేల్చింది ఈ రాయి చూసే. లోపం కూడా ఒక్కటే, పెద్దది: రాయి కావాలంటే చేప చావాలి.

అందుకే రెక్కముల్లు. రొమ్ము రెక్క మొదటి ముల్లుని దాని మొదలు దగ్గర కత్తిరించి, జిగురులో పోతపోసి, పల్చటి బిళ్ళలుగా కోసి చూస్తారు. చేప బతికిపోతుంది. స్టర్జన్ లాంటి అరుదైన చేపల దగ్గర ఇదే దారి. పొలుసు కన్నా నయం, కానీ ముసలిచేపలో అంచు గీతలు ఇరుక్కుపోయి ఇది కూడా వయసు తక్కువే చూపిస్తుంది. పైక్ అనే చేపకైతే మొప్పల వెనక ఉండే వంపు ఎముకని చూస్తారు, అది కూడా చచ్చిన చేపకే. అన్నట్టు ఈ చేపతోనే కథ మొదలైంది. హాన్స్ హెడెర్‌స్ట్రామ్ అనే స్వీడన్ పాదిరి 1759లోనే పైక్ వెన్నుపూసల మీద వలయాలు లెక్కపెట్టి వయసు రాశాడు.

ఏ వలయమైనా ఏడాదికొకటే పడిందని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న అడగకుండా లెక్కపెట్టుకుంటూ పోయినవాళ్ళు చాలామంది. నాకు నచ్చిన రుజువు అణుబాంబుది. 1950, 60 దశకాల్లో గాల్లో పేల్చిన బాంబుల వల్ల రేడియోకార్బన్, అంటే రేడియోధార్మిక కార్బన్, ఒక్కసారిగా పెరిగి, నీళ్ళలోకి, చేపల రాళ్ళలోకి చేరింది. రాయి నడిమధ్యలో, అంటే చేప పుట్టిన ఏడు చేరిన పొరలో, అది ఎంతుందో చూస్తే గీతల లెక్క సరైనదో కాదో తెలిసిపోతుంది. గ్రీన్‌లాండ్ షార్క్‌కి వలయాలు చూడదగ్గ గట్టి ఎముకే లేదు కాబట్టి దాని కంటి కటకం మధ్యభాగంలో ఇదే రేడియోకార్బన్ కొలిచారు. 2016లో అన్నిటికన్నా పెద్దదానికి వచ్చిన అంచనా 392 ఏళ్ళు, అటూ ఇటూ 120. అంత తేడా ఉన్నా కనీసం 272! పొలుసులతో ఇది జరిగే పనేనా?

ఇదంతా మన గంజాం చేపలకి అచ్చంగా అతికించకండి. ఇక్కడ చలికాలం చేపని ఆపేంత చలి కాదు, గీతలు వానల వల్లో గుడ్లు పెట్టడం వల్లో పడొచ్చు, ఏడాదికి రెండేసి కూడా పడొచ్చు.

కాబట్టి బావకి చెప్పింది ఇదీ: తినడానికి పట్టిన చేపైతే రాయి తియ్యి, దానికి మించింది లేదు. వదిలేసే చేపైతే రెక్కముల్లు, అదీ అక్కడి చేపల శాఖవాళ్ళు చేయాల్సిన పని, నువ్వు కత్తెర పట్టుకోకు. పొలుసులు మాత్రం నాలుగు కవర్లో దాచాడట, దగ్గరగా ఫోటో తీసి పంపాడు. తొమ్మిది పట్టీలు కనిపించాయి. "తొమ్మిదికి తక్కువ కాదు, అంతే చెప్పగలను, తల ఉందా?" అన్నాను.

"తలా? మీ అక్క పులుసు పెట్టేసింది."

రాయి సున్నం కదా, చింతపండు పులుపు దానికి పడదు. అయినా పుర్రెలో మిగిలి ఉంటుందేమో చూడమంటే, వెళ్ళి చెత్తబుట్ట చూసొచ్చి, బండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయిందన్నాడు.