నీళ్లు తాగే పిట్ట: ఏడాది వాడిన తర్వాత

కాకినాడలో మా పుస్తకాల దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఒక గాజు పిట్ట నిలబడి ఉంటుంది. ముందున్న గ్లాసులోకి వంగి ముక్కు ముంచుతుంది, లేస్తుంది, కాసేపు ఊగుతుంది, మళ్లీ వంగుతుంది. దీనికి తాళం చెవి గానీ బ్యాటరీ గానీ లేవు. డ్రింకింగ్ బర్డ్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో దొరికితే 640 రూపాయలు పెట్టి కొన్నాను. బడి పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ ఎక్కడ కొన్నారు, కొనవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ ఏడాదిలో చూసినదంతా రాస్తున్నాను.

ముందు చెడ్డ విషయం చెప్పాలి. మొదటి పిట్ట పగిలి వచ్చింది. అట్టపెట్టె తెరవగానే తియ్యగా, ఘాటుగా ఏదో వాసన తగిలింది. లోపల ఉండే ఎర్రని ద్రవం డైక్లోరోమీథేన్. పాత పెయింటు ఊడదీసే మందుల్లో వాడేది ఇదే. దాని ఆవిరి పీల్చకూడదు, ఒంటికి తగలనివ్వకూడదు. దుకాణంలో ఉన్న పిల్లలను బయటికి పంపి, తలుపులన్నీ తెరిచి, వాసన పోయాక గాజుముక్కలు ఎత్తాను. అమ్మినవాళ్లు ఎనిమిది రోజులకు వేరే పిట్టను పంపారు. కానీ రెండు పెట్టెల మీదా జాగ్రత్త అనే మాట ఒక్కటీ లేదు. దానికి బదులు ‘ఎప్పటికీ ఆగని యంత్రం’ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. హెచ్చరిక లేకపోవడం ఎంత తప్పో, ఈ మాట రాయడం కూడా నా దృష్టిలో అంతే తప్పు. పిల్లల చేతిలో పెట్టే వస్తువు మీద అబద్ధం అచ్చువేయకూడదు.

ఆ మాట అబద్ధమని తేల్చింది ఏడో తరగతి పిల్లలే. “ఆంటీ, దీనిలో మోటారు ఎక్కడుంది?” అని రోజూ అడిగేవారు. ఒకరోజు బిస్కెట్ల పెద్ద గాజు సీసాను పిట్ట మీద, నీళ్ల గ్లాసు మీద కలిపి బోర్లించమన్నాను. కాసేపు వంగింది. రాను రాను ఆలస్యంగా వంగుతూ వచ్చి, చివరికి నిటారుగా నిలబడిపోయింది. సీసా ఎత్తగానే మళ్లీ కదిలింది. లోపలి గాలి తేమతో నిండిపోతే ఇక నీరు ఆరదు, నీరు ఆరకపోతే పిట్ట కదలదు. పిల్లలకు మోటారు ఎక్కడుందో తెలిసింది: దుకాణంలో ఉన్న గాలే.

పని చేసే తీరు ఇది. పిట్ట తల ఒక గాజు బుడ్డి, పొట్ట ఇంకొక బుడ్డి. తల నుంచి దిగిన గొట్టం పొట్ట అడుగుదాకా, ద్రవంలో మునిగి ఉంటుంది. లోపల గాలి తీసేసి మూతవేస్తారు కాబట్టి ద్రవం, దాని ఆవిరి మాత్రమే ఉంటాయి. తలకు నూగు గుడ్డ చుట్టి ఉంటుంది. ఆ గుడ్డలో నీరు ఆరుతున్నప్పుడు తల చల్లబడుతుంది. తలలోని ఆవిరి కొంత ద్రవంగా మారి అక్కడ పీడనం తగ్గుతుంది. పొట్టలోని ఆవిరి ద్రవాన్ని గొట్టంలో పైకి నెడుతుంది. తల బరువెక్కి పిట్ట ముందుకు వాలుతుంది. అలా వాలినప్పుడు గొట్టం అడుగు ద్రవంలోంచి బయటపడుతుంది, ఒక ఆవిరి బుడగ తలలోకి పోతుంది, రెండు వైపులా పీడనం సమానమవుతుంది, ద్రవం పొట్టలోకి జారుతుంది, పిట్ట లేస్తుంది. అదే సమయానికి ముక్కు తడిసి ఉంటుంది. మట్టికుండలో నీరు చల్లబడటానికీ, ఈ పిట్ట వంగడానికీ కారణం ఒక్కటే.

దీనికి అమెరికాలో 1946లో పేటెంటు పొందిన మైల్స్ సల్లివన్ అక్కడి బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. దుకాణాల అద్దాల వెనక బొమ్మగా ఉండే ఈ పిట్టను చూసి ఎందరో వేడి గురించి ఆలోచించారు. 2024లో హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల బృందం ఇలాంటి పిట్ట ఊపుతోనే వంద వోల్టులకు పైగా విద్యుత్తు పుట్టించింది. విద్యుత్ ప్రవాహం చాలా తక్కువ, క్యాలిక్యులేటర్ వంటి చిన్న పరికరాలకే సరిపోతుంది. అయినా ఆ వార్త చదివిన రోజు దీని పక్కన నిలబడి చాలాసేపు చూశాను.

అయితే నాకు ఈ పిట్ట విలువ తెలిసింది ప్రయోగశాలల వల్ల కాదు. కిందటి ఏప్రిల్‌లో అనంతపురంలో ఉన్న మా అక్క ఇంటికి వెళుతూ పిట్టను తువ్వాలులో చుట్టి, స్టీలు క్యారేజీ పైగిన్నెలో పెట్టి తీసుకువెళ్లాను. వాళ్ల ముందుగదిలో మధ్యాహ్నం లెక్కపెడితే పది నిమిషాలకు 27 సార్లు వంగింది. అదే వారం కాకినాడకు తిరిగి వచ్చి అదే వేళకు లెక్కపెడితే 12. అక్కడ ఎండ ఎక్కువ, మా ఊళ్లో సముద్రం మీదుగా వచ్చే తేమ ఎక్కువ. అక్టోబరులో వాయుగుండం పట్టిన మూడు రోజులూ అది అసలు కదలనే లేదు. పాడైపోయిందేమో అనుకున్నాను. వాన వెలిసి గాలి పొడిబారాక తనంతట తానే వంగడం మొదలుపెట్టింది.

ఈ సంగతిని నాకన్నా ముందే పట్టుకున్న మనిషి ఉప్పాడ నుంచి వచ్చే చేపలమ్మ. మనవరాలికి నోటు పుస్తకాలు కొనడానికి వస్తుంది. డబ్బు లెక్కపెట్టడం ఆపి పిట్టను చూస్తూ నిలబడింది. “ఇది ఇలా ఆగకుండా తాగే రోజున మా చేపలు సాయంత్రానికే ఎండుతాయి అమ్మగారూ. నిలబడిపోయిన రోజున పరిచినా దండగే, వాసన వచ్చేస్తాయి” అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది: “పడమటి గాలి తిరగనివ్వండి, అప్పుడు చూడండి దీని దాహం.” మే నెలలో పడమటి గాలి తిరిగింది. రెండు రోజులు దుకాణం తలుపు దగ్గర వేడి సెగ కొట్టింది. పిట్ట పది నిమిషాలకు 24 సార్లు వంగింది. భౌతికశాస్త్రం చదవని ఆమె, చేపలు పరిచి ఎండబెట్టే పని నుంచి నేరుగా ఈ యంత్రాన్ని అర్థం చేసుకుంది. ఇలాంటి బొమ్మలు గాజు అలమారలో కాకుండా నలుగురూ తిరిగే చోట ఉండాలని నేను గట్టిగా అనేది అందుకే.

అనంతపురంలో ఎండ మండుతున్నా చెట్టు నీడలో ఊపిరాడుతుంది. ఇక్కడ 34 డిగ్రీలకే ఒళ్లంతా జిగటగా, నిలువలేనట్టు ఉంటుంది. ఎందుకో ఇన్నేళ్లూ మాటల్లో చెప్పలేకపోయాను. మన చెమట ఆరడమూ, పిట్ట ముక్కు ఆరడమూ ఒకటే పని. దాని తల చల్లబడని గాలిలో మన ఒళ్లూ చల్లబడదు. ఉష్ణమాపకానికి తడి గుడ్డ చుట్టినా అది 35 డిగ్రీలు చూపే స్థితి కొన్ని గంటలపాటు ఉంటే ఆరోగ్యవంతుడైన మనిషి కూడా తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఈ మాట విన్నాక, ఉక్కపోత రోజున పిట్ట నిలబడిపోతే, బయట మూటలు దించే కూలీలను లోపలికి పిలిచి ఫ్యాను కింద కూర్చోబెడుతున్నాను.

కొనేవారికి కొన్ని మాటలు. బోరు నీళ్లు పోయవద్దు. రెండు నెలల్లో ముక్కు మీద ఉప్పు తెల్లగా పేరుకుని గుడ్డ బిరుసెక్కింది. వడగట్టిన మంచినీళ్లు పోసి, వారానికోసారి తల కడిగాక మళ్లీ మెత్తబడింది. మొదటిసారి తలంతా తడపాలి, ముక్కు ఒక్కటే తడిపితే కదలదు. నడుము దగ్గర ఇనుప పట్టీని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుతూ సరైన చోటు పట్టడానికి నాకు అరగంట పట్టింది. ఓపిక కావాలి. కాళ్లు ప్లాస్టిక్‌వి, మరీ తేలిక. ఫ్యాను గాలికి ఒకసారి పడబోతే పట్టుకున్నాను, అప్పటి నుంచి పాదాల కింద పలక అతికించాను. ఎండలోనూ, నిలిపి ఉంచిన కారులోనూ పెట్టవద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో చేతికందే చోట ఉంచవద్దు, పగిలితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

640 రూపాయలకు ఇంత నాసిరకం కాళ్లు, ఆ పెట్టె మీది అబద్ధం నాకు నచ్చలేదు. పిట్ట మాత్రం నాకు ఎంతో ఇష్టం. మా ఎదురుగా ఉన్న బడికి ఇవ్వడానికి ఇంకొకటి తెప్పించాను. పెట్టె మీది మాటను కొట్టివేసి, హెచ్చరికను తెలుగులో రాసి అతికించి ఇస్తాను.

ఈ ఉదయం దుకాణం తెరిచేసరికి ఆకాశం మూసుకుని ఉంది. ఇది రాయడం మొదలుపెట్టాక పిట్ట ఒక్కసారే వంగింది. వడియాల పిండి ఈరోజు కలపవద్దని ఇంటికి ఫోను చేశాను.