ఎనిమిదేళ్లుగా గ్రామసభకు పోతున్నా: మస్టరు చదువుతారు, మన పిల్లల ఉద్యోగాల లెక్క చదవరు

2017లో డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ ఉపాధి హామీ జాబ్ కార్డులో నా పేరు కూడా చేర్పించాను. అనంతపురం జిల్లాలో మా ఊరికి బండ్లపల్లి దూరమేమీ కాదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది ఆ ఊళ్లోనే. అందుకేనేమో, మా వైపు జనానికి ఇది సొంత పథకం లాగా ఉంటుంది. నేను పంటకుంటలు తవ్వాను, కొండ కింద కందకాలు తీశాను, రెండేళ్లు మేట్‌గా, అంటే కూలీల హాజరు, పని చూసుకునే మనిషిగా చేశాను. పని గురించి చాలామంది రాశారు కాబట్టి నేను దాని మీద ఊరు పెట్టే నిఘా గురించి చెబుతాను.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో, పంచాయతీలో జరిగే పనులను గమనించాల్సింది గ్రామసభ అని రాశారు. సామాజిక తనిఖీ కూడా సభే చేయించాలని రాశారు. కాగితం మీద చదివినప్పుడు నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. మొదటిసారి తనిఖీ చూశాకే నమ్మాను. వేరే ఊళ్ల నుంచి వచ్చిన కుర్రవాళ్లు, చాలామంది కూలీల ఇళ్ల పిల్లలే, మా బడిలో పడుకున్నారు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఆఖరి రోజు రచ్చకట్ట దగ్గర సభ పెట్టి పేర్లు, రోజులు, డబ్బులు గట్టిగా చదివారు. ఒక పెద్దాయన పేరు మీద ఆరు రోజుల కుంట పని ఉందని చదవగానే ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ వారమంతా నేను బళ్లారిలో కూతురింట్లో ఉంటిని కదప్పా" అన్నాడు. పక్కనున్న నలుగురూ అవునన్నారు. అంతే, ఏ ఆఫీసరూ పట్టుకోలేని దొంగ మస్టరు ఒక్క నిమిషంలో బయటపడింది. ఎవరు ఏ రోజు ఎక్కడున్నారో ఊరికి తెలుసు. ఈ నిఘాలో ఉన్న బలమంతా అదే.

లోపాలూ ఉన్నాయి. తనిఖీలో తేలినవాటి మీద మండలంలో జరిగిన బహిరంగ విచారణ, అదే ప్రజావేదికలో, ఆ డబ్బు రికవరీ చేయాలని రాశారు. తిరిగి కట్టారో లేదో మళ్లీ మా సభలో ఎవరూ చెప్పలేదు. తర్వాత పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫొటో తీసే హాజరు వచ్చింది. కొండ కింద సిగ్నల్ లేక మేట్‌గా నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఫొటోలో మనిషి కనిపిస్తాడు సరే, కానీ ఆ మనిషి ఎవరో గుర్తుపట్టేది ఊరే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. మా తమ్ముడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద ట్రైనింగ్‌కు పోయాడు. 2014లో మొదలైన ఈ పథకం 15 నుంచి 35 ఏళ్ల పేద పల్లె యువత కోసమే. టౌన్‌లో హాస్టల్ ఇచ్చారు, బాగానే నేర్పారు, బెంగళూరు దగ్గర ఉద్యోగం కూడా ఇప్పించారు. రూమ్ అద్దె, తిండి ఖర్చు పోతే వాడి చేతిలో ఏమీ మిగల్లేదు. నాలుగు నెలలకు ఇంటికొచ్చేశాడు. అప్పుడు ఆ పథకం లెక్కలో మూడు నెలలు జీతం తీసుకుంటే ఉద్యోగం దొరికినట్టే. అంటే మా తమ్ముడు అక్కడ ఉద్యోగస్తుడు, ఇక్కడ మాత్రం చీనీ (బత్తాయి) తోటలో కూలికి పోతున్నాడు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మా సభకు జనం బాగా వచ్చారు. ఉపాధి పనులన్నీ మాట్లాడుకున్నాక నేను లేచి అడిగాను: "మన ఊరి నుంచి ట్రైనింగ్‌కు ఎంతమంది పోయినారు సార్? వాళ్లలో ఇప్పుడు ఎంతమంది పని చేస్తున్నారు?" పంచాయతీ కార్యదర్శి మర్యాదగానే జవాబిచ్చాడు: "ఆ లెక్క మా దగ్గర ఉండదమ్మా." నాకు ఆయన మీద కోపం రాలేదు. పిల్లల్ని ట్రైనింగ్‌కు పంపేటప్పుడు ఊరి సాయం కావాలి, వాళ్లు తిరిగొచ్చినప్పుడు మాత్రం ఊరిని అడిగేవాళ్లు లేరు. ఆరు రోజుల కుంట పనికి ఇంత తనిఖీ ఉన్నప్పుడు, ఒక పిల్లవాడి బతుకుదెరువుకు ఎందుకు ఉండకూడదు?

ఆ వారమే ఒక నోట్‌బుక్ కొని ఇల్లిల్లూ తిరిగాను. ట్రైనింగ్‌కు పోయినవాళ్లు పదకొండు మంది. అదే ఉద్యోగంలో ఉన్నది నలుగురు. మిగతావాళ్లు ఎందుకు మానేశారో వాళ్ల మాటల్లోనే రాసి, తర్వాతి సభలో చదివాను. కార్యదర్శి ఆ కాగితాన్ని పంచాయతీ బోర్డు మీద అంటించాడు. ఈసారి ట్రైనింగ్‌కు మనుషులు కావాలని వచ్చినవాళ్లను మా ఊరి అమ్మలు ముందుగా రూమ్ అద్దె ఎవరు కడతారని అడిగారు.

మొన్న సభ అయ్యాక ఒకామె నా దగ్గరికొచ్చింది. "పాపా, మా బిడ్డ పేరు కూడా రాసుకో, హోసూరుకు పోయి ఆరు నెలలైంది" అంది. పేరు రాసుకుని జీతం ఎంతని అడిగాను. ఆమెకు తెలియదు. ఆ గడి ఖాళీగా ఉంచాను. ఆదివారం బిడ్డ ఫోన్ చేసినప్పుడు నన్ను పిలుస్తానని చెప్పింది.