బైరాగిపట్టెడ నెట్ సెంటర్: దొంగ మెయిల్ పట్టేసినాడు, నాలుగు స్టార్లు

తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే ఈ నెట్ సెంటర్‌కి జనం ఎక్కువగా మూడొందల దర్శనం టికెట్లకీ ఆధార్ ప్రింట్లకీ పోతారు, నేను రాస్తాండేది వేరే పని గురించి. మా నాయనకి బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చిండాది, కేవైసీ చేయకపోతే 24 గంటల్లో అకౌంట్ బ్లాక్ అని, లోగో అంతా అచ్చం బ్యాంకుదే. పెన్షన్ ఆగిపోతాదేమో అని ఆయన టెన్షన్. ప్రింట్ తీసుకొని బ్రాంచికి పోదామని మెయిల్ షాపు ఐడీకి ఫార్వర్డ్ చేస్తే, ఆ అన్న ప్రింట్ కొట్టకుండా "పెద్దాయనా, ఇది చూడండి ముందు" అని స్క్రీన్ తిప్పినాడు. పంపినోళ్ల పేరు బ్యాంకుదే, పక్కన అడ్రస్ మాత్రం తలాతోకా లేని జీమెయిల్! లింకు మీద మౌస్ పెడితే, నొక్కలేదు ఊరికే పెడితే, కింద అసలు అడ్రస్ కనపడింది. ముందర బ్యాంకు పేరే ఉండాది, కానీ https:// అయిపోయినాక వచ్చే మొదటి స్లాష్ (/)కి ముందు చివర్లో ఏముందో అదే అసలు సైట్ అంట, అక్కడ ఏదో పిచ్చి పేరు.

రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోపల బ్యాంకుల సైట్ అడ్రస్‌లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in)కి మారాలని చెప్పిండాదంట, ఇంకేదన్నా కనపడితే అనుమానించమన్నాడు. మళ్లీ ఆయనే, పంపినోళ్ల అడ్రస్ కూడా దొంగది పెట్టొచ్చు కాబట్టి మెయిల్లో లింకు అసలు నొక్కొద్దు, అడ్రస్ మీరే టైప్ చేయండి, లేదా కార్డు వెనకాల నంబర్‌కి ఫోన్ చేయండి అన్నాడు. ఈ మాట మాత్రం నాకు బాగా నచ్చింది.

డబ్బులు పోతే యాడికీ తిరక్కుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలంట, లేటయ్యేకొద్దీ దొంగలు డబ్బు వేరే అకౌంట్లకి మార్చేస్తారు. ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బు నష్టం మనదే, చెప్పినాక పోయేది బ్యాంకు భరించాల అని 2017లో రిజర్వ్ బ్యాంకు రూల్ పెట్టింది. అందుకే బ్యాంకుకి కూడా వెంటనే చెప్పి కంప్లైంట్ నంబర్ తీసుకోవాల.

ఒక స్టార్ ఎందుకు తగ్గించినానంటే, దర్శనం కోటా వదిలే రోజు పొద్దున పోతే నిలబడను కూడా చోటుండదు, ఆ టైంలో ఆయన్ని ఏమడిగినా పలకడు. జిరాక్స్ కూడా మసకగా వస్తాది. ఇంకోటి, ఏ నెట్ సెంటర్లో అయినా మీ బ్యాంకు లాగిన్ మాత్రం తెరవొద్దండీ, ఈయన దగ్గరైనా సరే. ఆ మాట అంటే ఆయనే నవ్వి "అవునన్నా, నా సిస్టంలో నేనే తెరవను" అన్నాడు. ప్రింట్ తీయలేదని డబ్బులు కూడా తీసుకోలేదు.